తీవ్ర మితవాది

ఇంగ్లీషులోని ‘కన్సర్వేటివ్’ అనే మాటకు తెలుగులో ఒక్క మాట లేదు, మూడున్నాయి. మర్యాదగా చెప్పదలచినప్పుడు సంప్రదాయవాది అంటాం. కోపం వచ్చినప్పుడు ఛాందసుడంటాం. పత్రికలవాళ్ళు చాలాకాలంగా మితవాది అంటున్నారు. ఈ మూడు మాటలూ ఒకే మనిషిని చెప్పవు. సంప్రదాయవాది తనకు దక్కినదాన్ని నిలుపుకోవాలనుకుంటాడు. ఛాందసుడు అది నిలిచినా కూలినా తన పట్టు విడవడు. మితవాది ఏ మార్పయినా అతి కాకూడదంటాడు. అమెరికాలో రిపబ్లికన్ పార్టీ తన అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ప్రాథమిక ఎన్నికల్లో నిలబడేవారు ఇంచుమించు అందరూ తమను ఆ ఒక్క ఇంగ్లీషు మాటతోనే చెప్పుకుంటారు. కనుక వాళ్ళను తూచదలచినవాడు వేసుకోవలసిన ప్రశ్న ఎవరు ఎక్కువ సంప్రదాయవాది అన్నది కాదు. ఈ ముగ్గురిలో ఎవరు ఎవరన్నది.

2011 ఆగస్టులో ఈ ప్రశ్న నా నెత్తిన పడింది. అప్పుడు నేను ఎం.ఎ. తెలుగు చదువుతున్నాను. మా పెదనాన్నగారి అబ్బాయి ఫ్లోరిడా రాష్ట్రంలోని టాంపా నగరంలో మందుల దుకాణం నడుపుతున్నాడు. అక్కడి పౌరుడై రిపబ్లికన్ ఓటరుగా పేరు నమోదు చేయించుకున్నాడు. ఆ రాష్ట్రంలో అలా నమోదైనవారికి తప్ప ఆ పార్టీ ప్రాథమిక ఎన్నికలో ఓటు లేదు. పన్నుల దగ్గరనుంచి ప్రభుత్వ బాధ్యతలదాకా మా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరిన సందర్భాలు తక్కువ. అయినా అన్నయ్య ఒకనాడు ఫోనులో, “ఒరే, పుస్తకాలు తూచడం నేర్చుకుంటున్నావు కదా, మావాళ్ళను కూడా కాస్త తూచి పెట్టు” అన్నాడు. హాస్యానికే అన్నాడు. నేను నిజంగానే కూర్చున్నాను.

సాహిత్య విమర్శలో మొదట నేర్పే పాఠం ఒకటుంది. రచయిత పీఠికలో తన గురించి ఏం చెప్పుకున్నాడన్నది కాదు, రచనలో ఏం చేశాడన్నది చూడమంటారు. పీఠికలో ప్రజాపక్షమని చాటుకున్న కవి లోపలి పద్యాల్లో జమీందారును పొగుడుతూ వుండవచ్చు. పీఠికలో తల వంచుకున్నవాడు లోపల పెద్ద తిరుగుబాటే చేసి వుండవచ్చు. రాజకీయ నాయకుడికి అతని ప్రతిజ్ఞ పీఠిక. అతని పదవీకాలం రచన. ఆ కొలతతోనే ఆ యేటి అభ్యర్థులను చూశాను.

మిట్ రామ్నీ 2003 నుంచి 2007 దాకా మసాచుసెట్స్ గవర్నరు. 2006 ఏప్రిల్‌లో ఆయన సంతకం చేసిన చట్టం ఆ రాష్ట్రంలో దాదాపు ప్రతి మనిషికీ ఆరోగ్య బీమా వుండేలా చేసింది. కొనగలిగినవాడు కొనితీరాలి, కొనలేనివాడికి ప్రభుత్వం సాయం చేస్తుంది. ఇది వామపక్షంలో పుట్టిన ఆలోచన కాదు. ప్రతివాడూ బీమా కొనాలన్న నిబంధనను 1989లో ముందుకు తెచ్చినది హెరిటేజ్ ఫౌండేషన్ అనే సంప్రదాయవాద సంస్థ. బీమా లేనివాడు ఆస్పత్రి పాలైతే ఆ ఖర్చు ఇరుగుపొరుగు మీద పడుతుంది, ఎవరి భారం వారే మోయాలి అన్నది దాని తర్కం. మనకు నచ్చినా నచ్చకపోయినా అది సంప్రదాయవాది తర్కమే. అయితే 2010లో ఒబామా తెచ్చిన చట్టంలోనూ అదే నిబంధన చేరింది. దానితో రామ్నీ తన పదవీకాలంలో చేసిన పెద్ద పనే ఆయన మెడకు గుదిబండ అయింది. 2011 మేలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో నిలబడి, అది మా రాష్ట్రానికి తగినదే గాని దేశమంతటికీ తగినది కాదని సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

రిక్ పెర్రీ టెక్సాస్ గవర్నరు. చట్టబద్ధమైన కాగితాలు లేకుండా ఆ రాష్ట్రానికి చేరి, అక్కడి బడుల్లోనే చదువుకున్న పిల్లలు కాలేజీలో స్థానికుల ఫీజే కట్టవచ్చునన్న చట్టానికి 2001లో ఆయన సంతకం పెట్టాడు. 2011 సెప్టెంబరు 22న ఆర్లాండో చర్చలో తోటి అభ్యర్థులు దాన్ని తప్పుపట్టారు. తమ ప్రమేయం లేకుండా వచ్చిన పిల్లలకు చదువు వద్దనేవారికి హృదయం లేదనుకుంటానని ఆయన బదులిచ్చాడు. నేను విన్నంతలో ఆ ఎన్నికల కాలంలో ఆయన నోట వచ్చిన మంచి మాట అదే. పార్టీ దాన్ని సహించలేదు. కొద్దిరోజుల్లోనే అలా అనవలసింది కాదని వెనక్కి తగ్గాడు.

న్యూట్ గింగ్రిచ్ ప్రతినిధుల సభకు మాజీ స్పీకరు. వృద్ధుల వైద్యం కోసం ప్రభుత్వం నడిపే మెడికేర్ పథకాన్ని సమూలంగా మార్చాలని ఆయన పార్టీవాడే అయిన పాల్ రయాన్ ప్రతిపాదించాడు. 2011 మేలో దాని గురించి అడిగితే, కుడివైపువారు చేసినా ఎడమవైపువారు చేసినా సమాజాన్ని పైనుంచి బలవంతంగా మలచడం మంచిది కాదన్న అర్థంలో గింగ్రిచ్ మాట్లాడాడు. సంప్రదాయవాదానికి ఇంతకంటే నిఖార్సయిన నిర్వచనం ఆ యేడు నాకు మరొకరి నోట వినబడలేదు. రెండు రోజుల్లో రయాన్‌కు ఫోను చేసి క్షమాపణ చెప్పుకున్నాడు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే తూకంలోని మోసం బయటపడుతుంది. ఈ ముగ్గురూ సంజాయిషీ చెప్పుకున్నది తాము చేసిన చెడ్డ పనులకు కాదు. ఒక రాష్ట్రపు ప్రజల ఆరోగ్యాన్నో, పిల్లల చదువునో, వృద్ధుల ధీమానో నిలిపిన, లేక నిలపాలన్న సందర్భాలకే. నిలిపినది దోషమైంది, దేనికీ లొంగనన్న పంతం గుణమైంది. త్రాసులో పాసంగం వుంటే ఎంత మంచి సరుకు పెట్టినా ముల్లు ఒక పక్కకే మొగ్గుతుంది కదా!

పంతానికి ఎంత విలువ కట్టారో 2011 ఆగస్టు 11న అయోవా రాష్ట్రంలోని ఏమ్స్ చర్చలో తేలిపోయింది. పది డాలర్ల ఖర్చు తగ్గించి ఒక్క డాలరు పన్ను పెంచే ఒప్పందం ముందుకు వస్తే కాదని లేచిపోయేవారు చెయ్యెత్తండి అన్నారు. వేదిక మీద వున్న ఎనిమిదిమందీ చేతులెత్తారు. దేశపు అప్పు తగ్గించడమే తమ ప్రథమ కర్తవ్యమని చెప్పుకునేవాళ్ళు, పదికి ఒకటి చొప్పున తామే గెలిచే బేరాన్ని కాదన్నారు. నిలుపుకోవలసింది ఖజానా అయితే ఆ బేరం ఒప్పుకోవాలి. నిలుపుకోవలసింది పట్టు అయితేనే కాదనాలి. సంప్రదాయవాది ఎక్కడ ఆగి ఛాందసుడు ఎక్కడ మొదలవుతాడో ఆ ఎనిమిది చేతులు చూపించాయి.

నెల తిరిగేసరికి, సెప్టెంబరు 12న, చర్చ అన్నయ్య వుండే టాంపాకే వచ్చింది. అక్కడ రాత్రి ఎనిమిదంటే మనకు మర్నాటి తెల్లవారుజామున అయిదున్నర. హాస్టలు గదిలో కంప్యూటరు ముందు కూర్చుని చూశాను. డాక్టరు కూడా అయిన రాన్ పాల్‌ను ఒక ప్రశ్న అడిగారు. మంచి ఉద్యోగం, ఆరోగ్యం వున్న ముప్ఫై యేళ్ళ మనిషి బీమా వద్దనుకున్నాడు. హఠాత్తుగా స్పృహ తప్పి ఆరు నెలల చికిత్స కావలసి వచ్చింది. ఖర్చు ఎవరు భరించాలి? తన ప్రమాదాన్ని తానే మోయడమే స్వేచ్ఛ అంటే, అన్నాడు పాల్. అయితే చావనివ్వవలసిందేనా అని రెట్టించి అడగ్గానే, ఆయన నోరు విప్పేలోగా సభలోంచి కొందరు “అవును” అని అరిచారు. పాల్ కాదన్నాడు. తాను వైద్యం మొదలుపెట్టిన రోజుల్లో చర్చీలు అలాంటివారిని చూసుకునేవని, ఆస్పత్రినుంచి ఎవరినీ వెళ్ళగొట్టలేదని చెప్పాడు. ఆ జవాబు చాలదని నా అభిప్రాయం. కాని చర్చీనీ, ఇరుగుపొరుగునీ నమ్ముకున్న జవాబది. దానిలో ఒక సంప్రదాయం వుంది. ఆ అరుపులో ఏ సంప్రదాయం వుంది?

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. అభ్యర్థి చేత ప్రమాణాలు చేయించుకోవడం అవకాశవాదానికి కళ్ళెం కాదా? ఈ వాదంలో బలం లేకపోలేదు. గర్భస్రావం విషయంలో రామ్నీ 2002లో గవర్నరు పదవికి పోటీ చేసినప్పుడు చెప్పినది వేరు, తరవాత చెప్పినది వేరు. అలాంటివాణ్ణి ఓటర్లు అనుమానించడం సహజం. అయితే నిలకడే కొలత అయివుంటే రాన్ పాల్ నెగ్గివుండవలసింది. మాటకూ ఓటుకూ ఆయనకున్నంత పొందిక మిగిలినవారిలో లేదు. ఇరాక్ యుద్ధాన్ని మొదటినుంచీ వ్యతిరేకించిన ఆయన నిలకడే పార్టీలో చాలామందికి కంటగింపు అయింది. ఒక్క రాష్ట్రంలోనూ ఓట్లలో మొదటి స్థానం దక్కలేదు. బొగ్గు గనిలో పనిచేసిన తాతను తలుచుకుంటూ ఫ్యాక్టరీల ఊళ్ళ గురించి మాట్లాడిన రిక్ సాంటోరమ్ 2012 జనవరి 3న అయోవాలో 34 ఓట్ల తేడాతో ముందు నిలిచాడు. ఆ ఊళ్ళకు ఆయన చూపిన మందు ఉత్పత్తి సంస్థల లాభాల మీద పన్ను పూర్తిగా ఎత్తివేయడం! రామ్నీ పెట్టుబడి సంస్థ చేతుల్లో పడి పని పోగొట్టుకున్న కార్మికుల మాట గింగ్రిచ్ పక్షం ఎత్తగానే, అది పెట్టుబడిదారీ విధానం మీదనే దాడి అని పార్టీ పెద్దలు విరుచుకుపడ్డారు. ఆ మాట ఎత్తడానికి పనికివచ్చిన డబ్బు మాత్రం జూదశాలల యజమాని షెల్డన్ అడెల్సన్ ఆ జనవరిలో ఇచ్చిన 50 లక్షల డాలర్లు. త్రాసు ముల్లును కదిపే వేళ్ళు పళ్ళెం కిందనే కాక పైన కూడా వుంటాయి.

జనవరి 31న ఫ్లోరిడాలో పోలింగు. ముందురోజు అన్నయ్య ఫోను చేశాడు. నా తూకమంతా విన్నాక, “నువ్వు తెరమీద చూసిన ఆ ముప్ఫై యేళ్ళ మనిషి నా దుకాణానికి నెలకోసారి వస్తాడురా” అన్నాడు. రెండు మందుల చీటీలు బల్లమీద పెట్టి, వీటిలో ఏది మానేస్తే ప్రాణానికి ముప్పు లేదు అని అడుగుతాడట. “మావాళ్ళలో రామ్నీ ఒక్కడే ఆ మనిషికి ఏదో చేశాడు. ఇప్పుడు దాచుకుంటున్నాడు, నిజమే. కాని చేసినవాడు అతనే. నా ఓటు ఆ పనికి.”

“నీ ఓటు ఆ పనికి పడదు అన్నయ్యా, ప్రమాణానికి పడుతుంది. ఎందుకు వేశావో రాసే చోటు ఆ కాగితంలో లేదు” అన్నాను. చాలాసేపు వాదించుకున్నాం. అన్నయ్య రామ్నీకే వేశాడు.

రామ్నీ ఫ్లోరిడాలో 46 శాతం ఓట్లతో గెలిచాడు. సరిగ్గా పది రోజులకు, ఫిబ్రవరి 10న, సంప్రదాయవాదుల మహాసభలో తన గవర్నరు పదవీకాలాన్ని తలుచుకుంటూ తానొక ‘తీవ్ర’ సంప్రదాయవాదినని చెప్పుకున్నాడు. ఆ మాటను మన పత్రికల భాషలో పెట్టి చూడండి: తీవ్ర మితవాది. తెలుగు ఆ మాటను మింగలేదు. 1907లో సూరత్ కాంగ్రెసు చీలినప్పటినుంచీ మితవాదికి ఎదుట నిలిచినవాడు అతివాదే. 1964లో బారీ గోల్డ్‌వాటర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో అభ్యర్థిత్వం స్వీకరిస్తూ, స్వేచ్ఛ కోసమైతే అతి దోషం కాదని, న్యాయం కోసమైతే మితం సుగుణం కాదని ప్రకటించాడు. ఆరు రాష్ట్రాలు తప్ప అన్నీ పోగొట్టుకున్నా, ఆ మాట ఆయన పార్టీలో వేరు పట్టింది. గోల్డ్‌వాటర్ కనీసం తాను నమ్మినదే చెప్పాడు. రామ్నీ తన పనిని కప్పిపుచ్చడానికి ఆ విశేషణాన్ని అరువు తెచ్చుకున్నాడు.

తరవాతి కథ క్లుప్తంగా చెప్పవచ్చు. ఆగస్టులో ఆ టాంపా నగరంలోనే రామ్నీ పార్టీ అభ్యర్థి అయ్యాడు. అక్టోబరు 3న ఒబామాతో మొదటి చర్చలో, మసాచుసెట్స్‌లో తాము చేసిన పద్ధతి బాగుందని మళ్ళీ బయటికి తీశాడు. అప్పటికి ఆలస్యమైంది, నవంబరులో ఒబామాకు 332 ఎలక్టోరల్ ఓట్లు, ఆయనకు 206. 2011 నవంబరు 9 చర్చలో మూడు ప్రభుత్వ శాఖలను రద్దు చేస్తానంటూ మూడోదాని పేరు మరిచిపోయిన పెర్రీ, 2017లో, రద్దు చేయమన్నందుకు విచారిస్తున్నానని చెప్పి, ఆ మూడోదైన ఇంధన శాఖకే మంత్రి అయ్యాడు. టెక్సాస్ పిల్లల చట్టాన్ని మాత్రం 2025 జూన్‌లో ఫెడరల్ న్యాయస్థానం నిలిపివేసింది. రాష్ట్ర ప్రభుత్వమే దాన్ని కాపాడనన్నది. 2020 ఫిబ్రవరిలో, సెనేటరుగా, తన పార్టీ అధ్యక్షుణ్ణి అభిశంసన విచారణలో దోషి అంటూ ఓటు వేసినవాడు రామ్నీయే. ఆ రోజు ఆయన ‘తీవ్ర’ అన్న విశేషణం తగిలించుకోలేదు.

అభ్యర్థులను తూచే పని ఆ పార్టీ ఓటర్లది, నాది కాదు. కాని ఆ తూకంలో పడేది వాళ్ళ పార్టీ ఒక్కటే కాదు. అన్నయ్య బల్లమీద రెండు చీటీలు పెట్టిన మనిషి కూడా. అందుకని ఒక్క సలహా చెప్పడం అనుచితం కాదనుకుంటాను. దేన్ని వ్యతిరేకిస్తారని అభ్యర్థిని అడగవద్దు; ఆ జవాబు అందరికీ కంఠస్థమే. మీరు చేసిన పనుల్లో, ఈ సభలో చెప్పుకోవడానికి వెనకాడుతున్నది ఏది అని అడగండి. ఆ జవాబును తూచండి.