గిడ్డంగి పనియు కళాశాల చదువును

మన పిల్లలు విద్యకై సీమకు పోవుట నేడు వింత కాదు. అచట చదువుకొనుచు కాలక్షేపమునకై వారేమి పని చేయుదురో మాత్రము ఇండ్లలో స్పష్టముగా చెప్పుకొనరు. “ఏదో ఆఫీసులో చిన్న పని” యని తల్లులు ఇరుగుపొరుగుల కడ దాటవేయుదురు. నేను చేసినది గిడ్డంగి పని. సోదరీమణులు తెలిసికొనదగిన సంగతులు అందు కొన్ని కలవు గాన వ్రాయుచున్నాను.

2024 సెప్టెంబరులో ఇంగ్లండు నడిమి మండలమునందలి కవెంట్రీ పట్టణమున సరుకుల సరఫరా నిర్వహణమును గూర్చిన ఎం.యస్‌సి. తరగతిలో చేరితిని. ఆ ప్రాంతమంతయు గిడ్డంగులే. లారీ తోలువాడు నాలుగున్నర గంటలు నడిపిన పిమ్మట 45 నిమిషములు విశ్రమింపవలెనని చట్టము. ఆ వ్యవధిలోనే అచటినుండి దేశములో అధికభాగము చేరవచ్చును. ఈ లెక్కను తరగతిలో ఆచార్యులు చెప్పుటకు ముందే గిడ్డంగిలో ఒక ముసలి డ్రైవరు నాకు చెప్పెను.

శని, ఆదివారములు రోజుకు పదేసి గంటల పని. మొదటి దినముననే గాజులు, ఉంగరములు తీసివేయుమనిరి. జడ ముడి వేయించిరి. ముందుభాగమున ఉక్కు తొడుగు గల బూట్లును, పసుపుపచ్చని మెరపు చొక్కాయు నిచ్చిరి. చేతికొక చిన్న స్కానరు యంత్రము. ఏ వరుసలో ఏ అరలో ఏ వస్తువున్నదో అది చూపును. పోయి, తీసి, యంత్రమునకు చూపించి, డబ్బాలో వేయవలెను. గంటకెన్ని తీసితిమో అదియే లెక్క కట్టును. దానికి దయయు లేదు, కోపమును లేదు. దినమునకు ఎనిమిది మైళ్లకు తక్కువగాక నడిచితిని. విరివిగా అమ్ముడగు సరుకు ద్వారమునకు దగ్గరగా, నడుము ఎత్తున ఉంచవలెనని పాఠ్యగ్రంథమున చదివినప్పుడు నా మోకాళ్లు నవ్వుకొన్నవి. బరువు విషయమునను అచట ఒక సూచన కలదు: ఒంటికి దగ్గరగా నడుము ఎత్తున పట్టి ఎత్తునప్పుడు స్త్రీలకు 16 కిలోలు, చేతులు చాచి ఎత్తునప్పుడు 10 కిలోలు. బిందె ఎత్తు మన స్త్రీలకు ఇట్టి కొలత ఎవరు చెప్పిరి?

ఈ సంగతి ఫోనులో చెప్పగా మా అమ్మ, “మూటలు మోయుటకేనటే అప్పుచేసి నిన్ను పంపినది?” యని ఏడ్చెను. ప్రక్కనున్న అమ్మమ్మ మాత్రము, “కూర్చుని చేసేదా, నిలబడి చేసేదా?” అని అడిగెను. ఆమె గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసి, కిలోల లెక్కన కూలి తెచ్చి, మా అమ్మను చదివించినది. ఘాటునకు కన్నులు మండు ఆ పనిలో కూర్చుండుటయే సుఖమట. నిలబడి చేసేదే అంటిని. “అయితే రాత్రి కాళ్లు వేడినీళ్లలో పెట్టుకో” అనెను. సీమలో నాకు పనికివచ్చిన సలహాలలో ఇది మొదటిది.

ఇక అసలు చిక్కు. పట్టపు చదువునకు వచ్చిన విదేశ విద్యార్థి పాఠములు జరుగు కాలమున వారమునకు 20 గంటలు మించి పని చేయరాదు. వారమనగా సోమవారము మొదలు ఆదివారము వరకు. ఒక వారము ఎక్కువ, మరొక వారము తక్కువ చేసి సరిపెట్టుట చెల్లదు. ఎం.యస్‌సి. వారికి వేసవియు సెలవు కాదు, పరిశోధన వ్యాసము వ్రాయు కాలము. నాడు 21 ఏండ్లు నిండినవారికి కనీస వేతనము గంటకు 11.44 పౌనులు, అనగా వారమునకు 228.80.

ఫిబ్రవరిలో నొకనాడు, పనికి మనుష్యులను కుదుర్చు సంస్థవాడు నన్ను ఆదివారము రాత్రి పది గంటల పాళీకి గూడ రమ్మనెను. అర్ధరాత్రికి ముందు రెండు గంటలు ఆ వారములోనే పడును; లెక్క 22 అగును. నేనది చెప్పగా, “వేరొకరి పేర వ్రాసి రొక్కమిత్తుము, అందరు చేయునదే” యనెను. అందరు చేయుదురన్నది అసత్యము గాదు. కాని పట్టుబడినచో పోవునది వాని కొలువు గాదు, నా వీసాయు మా తండ్రి అప్పును. రానంటిని. తరువాత రెండు వారములు నాకు పని చెప్పలేదు. ఇన్ని గంటలిత్తుమని వారు వ్రాసియిచ్చినది లేదు గనుక అడుగుటకు హక్కును లేదు. ఆ పక్షము గదిలోని తెనాలి అమ్మాయి, “అక్కా, బియ్యము నావి, పప్పు నీది” యని పొయ్యి కలిపినది. గది అద్దె నాలుగు దినములు ఆలస్యమాయెను.

విశ్వవిద్యాలయపు ఉద్యోగ సహాయశాల ద్వారా వేరొక గిడ్డంగి దొరికినది. అచట మొదటి దినము మొదలు ఒక చిన్న పుస్తకమున తేదీ, వచ్చిన వేళ, పోయిన వేళ వ్రాసికొని, జీతపు చీటీతో సరిచూచుకొంటిని. ఏప్రిలులో కనీస వేతనము 12.21 అయినప్పుడు చీటీలో పాత రేటే పడినది. పుస్తకము చూపగా మరుసటి వారము సవరించిరి. తేడా 15 పౌనుల 40 పెన్నీలు. దానితో అమ్మమ్మకు మెత్తని మేజోళ్లు కొని పంపితిని.