ఆరో పాట

యలమంచిలి స్టేషన్‌కి వెళ్ళే దారిలో ఓ టీ కొట్టు. (రైల్వే బోర్డు మీద ‘ఎలమంచిలి’ అని ఉంటుంది. ‘య’నా, ‘ఎ’నా అన్న తగువు ఈ ఊళ్లో వేరే ఉంది. దాని జోలికి ఇప్పుడు వద్దు.) ఆదివారం సాయంత్రం అయిదున్నరయ్యేసరికి ఆ కొట్టు ముందు బల్ల మీదికి నలుగురు చేరతారు. ఒకాయన తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైన మాస్టారు. ఇంకొకాయన రైల్వేలో సిగ్నళ్ల పని చూసి దిగిపోయినాయన. మూడో ఆయన ఒకప్పుడు క్యాసెట్ల కొట్టు నడిపి, ఇప్పుడు అదే గదిలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముకుంటున్నాడు. నాలుగోవాడు కుర్రాడు, అచ్యుతాపురం సెజ్‌లో షిఫ్టు ఉద్యోగం. నలుగురికీ దేవుడు ఒక్కడే... ఇళయరాజా!

దేవుడి గురించి కూర్చుంటే భజన చేయాలి కదా? చేయరు. దేవుడి పాటల్లో ఏది బాగాలేదో తేల్చడానికే కూర్చుంటారు.

ఈ పద్ధతికి ఓ కారణముంది. మొదట్లో మంచి పాట గురించే మాట్లాడుకునేవారు. వెయ్యికి పైగా సినిమాలు, ఏడు వేలకు పైగా పాటలు. ఒకరు ‘సాగర సంగమం’ అంటే ఇంకొకరు ‘గీతాంజలి’ అనేవారు. ‘సితార’, ‘అన్వేషణ’, ‘అభినందన’... చీకటిపడిపోయేది గానీ తేలేది కాదు. అన్నీ మంచివే అయినప్పుడు వాదనేముంటుంది? తలలూపుకోవడమే! ఓ ఆదివారం రైల్వే ఆయనకు విసుగొచ్చి, ‘‘మంచివి ఎవుడైనా సెప్తాడు మాస్టారూ. సెత్తపాట ఒకటి సెప్పండి సూద్దాం’’ అన్నాడు. ఆ రోజు టీ చల్లారిపోయింది. ఎవరికీ నోరు పెగల్లేదు. మరుసటి వారానికి మాత్రం అందరూ తయారై వచ్చారు.

అందరికంటే పెద్ద జాబితా క్యాసెట్ల ఆయనదే. ఉండదా మరి! ఏ పాట నిలబడిందో, ఏది పోయిందో ఆయనకి తెలిసినట్టు విమర్శకులకి కూడా తెలియదు. ఆ రోజుల్లో అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్ తెచ్చి, అటొక సినిమా ఇటొక సినిమా రికార్డు చేసిమ్మని అడిగేవాళ్లు. ఒక్కో పక్క ముప్ఫై నిమిషాలు. పాట సుమారు అయిదు నిమిషాలు. అయిదు పాటలు హాయిగా పడతాయి. ఆరోది పడితే పడుతుంది, లేకపోతే రెండో చరణం మధ్యలో ‘టక్’మని ఆగిపోతుంది. సగం పాట ఇస్తే తిడతారు. కాబట్టి ఒకటి తీసెయ్యాలి. ఏది తీసెయ్యాలన్నది ఆయనిష్టం! నచ్చనిది తీసేసేవాడు. అలా ఆయన వదిలేసిన పాటలు చుట్టుపక్కల పల్లెల్లో చాలామందికి చేరనే లేదు. ‘ఆరో పాట’ అన్న మాట అక్కణ్నుంచే వచ్చింది. ఇప్పుడు ఆ బల్ల మీద ఆరో పాటంటే పనికిరాని పాట అనే అర్థం.

మాస్టారి లెక్క వేరు. ఆయన సాహిత్యం దగ్గరే ఆగిపోతాడు. డబ్బింగ్ పాటలన్నీ ఒక గుంపుగా కట్టి పక్కన పెట్టేస్తానంటాడు. అక్కడ మిగతా ముగ్గురూ ఒక్కటైపోతారు. ‘‘రాజశ్రీ గార్ని ఏటంటారండీ?’’ అని మీదికొస్తారు. నిజమే. ‘నాయకుడు’, ‘ఘర్షణ’, ‘దళపతి’కి తెలుగు మాటలు తొడిగింది విజయనగరం వాడైన రాజశ్రీ. డబ్బింగ్ పాట రాయడమంటే మామూలు పాట రాయడం లాంటిది కాదు. బాణీకి సరిపోవాలి, తెర మీద పెదవులకీ సరిపోవాలి. తమిళంలో ప, బ, మ దగ్గర నటుడు పెదవులు మూస్తే తెలుగులోనూ అక్కడే మూతపడాలి. అర్థం చెడకూడదు. ఇన్ని సంకెళ్లతో పరిగెత్తినవాణ్ని, విడిగా నడిచినవాడితో పోల్చడం మాస్టారికి తగునా? పైగా ‘దళపతి’ తమిళ మాతృకలోని పాట 2002లో బీబీసీ ప్రపంచ శ్రోతలతో పెట్టిన ఎన్నికలో నాలుగో స్థానంలో నిలిచింది. మాస్టారు ఒప్పుకోడు. ‘‘ఆ ఓట్లు బాణీకి’’ అంటాడు. ఆ ముక్కలో కాస్త నిజం లేకపోలేదు.

ఈ బల్ల మీద ఒక పక్షపాతం కూడా ఉంది. సిరివెన్నెల రాసిన పాట ఏదీ ఆరో పాట జాబితాలోకి రాకూడదు. ఆయన చిన్నతనం గడిచిన అనకాపల్లి ఇక్కడికి రైల్లో అరగంట. ‘రుద్రవీణ’కి పాటలు రాసింది ఆయనే. 1988లో ఆ సినిమా డబ్బులు తేలేదు గానీ ఇళయరాజాకి జాతీయ అవార్డు తెచ్చింది. 2021 నవంబరు 30న సీతారామశాస్త్రి పోయాక ఈ నియమం మరీ గట్టిపడింది. కుర్రాడొకసారి ‘‘ఊరి పక్కోడని వదిలేస్తే ఎలా?’’ అని అడిగాడు. ఆ వారం అతని టీ డబ్బులు ఎవరూ ఇవ్వలేదు.

కుర్రాడి వాదనలో పస లేకపోలేదు. అతను పుట్టేనాటికి ‘రోజా’ వచ్చి రెహమాన్ పెద్దవాడైపోయాడు. ఇళయరాజాని అతను వెనక నుంచి ముందుకి విన్నాడు. అందుకే ‘శివ’ (1989) గురించి అతనన్న మాట మిగతావాళ్లను ఆలోచనలో పడేసింది. ఆ సినిమాలో పాటలన్నీ ఆరో పాటలేనట! గొప్పదంతా మాటల వెనకాల మోగిన సంగీతమేనట. సైకిల్ చెయిన్ తెంచే చోట, చిన్నపిల్లని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని తప్పించే చోట నేపథ్య సంగీతాన్ని తలుచుకుంటే అతని మాట కొట్టిపారేయలేం. కానీ ‘అన్నీ’ అనడం కుర్రతనమే.

ఇళయరాజా స్వయంగా పాడిన పాటల దగ్గర రెండు పార్టీలు. 2012 నాటి ‘ఎటో వెళ్ళిపోయింది మనసు’ దగ్గరా రెండు పార్టీలే. ఇవన్నీ మామూలే. నవ్వుకుని లేచిపోయే తగువులు.

నవ్వుకోలేనిది ఒకటి జరిగింది. 2017 మార్చిలో బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా, అనుమతి లేకుండా తన పాటలు పాడకూడదంటూ ఇళయరాజా తరఫున నోటీసు వెళ్లింది. ఇకపై ఆ పాటలు పాడబోమని బాలు ఫేస్‌బుక్‌లో రాశాడు. ఆ ఆదివారం బల్ల మీద మాటలు హద్దు దాటాయి. ‘‘కట్టినోడిది పాట. హక్కు అడిగితే తప్పేటి?’’ అన్నాడు క్యాసెట్ల ఆయన. రికార్డింగులు చేసి బతికిన మనిషి ఆ మాట అనడం విచిత్రమే, ఆయనా ఒప్పుకున్నాడు. రైల్వే ఆయన లేచి నిలబడ్డాడు. ‘‘ఆ గొంతు లేకపోతే ఆ పాట మన ఊరొచ్చేదా?’’ అని మాత్రం అన్నాడు. తర్వాత చాలా ఆదివారాలు రాలేదు. మాస్టారు ఇంటికి వెళ్లి పిలిచినా రాలేదు. 2019 జూన్‌లో ఇళయరాజా, బాలు ఒకే వేదికెక్కారని తెలిశాక, ఏమీ జరగనట్టు వచ్చి తన చోట కూర్చున్నాడు. క్యాసెట్ల ఆయన ఏమీ అడగలేదు. తన గ్లాసు ఆయన ముందుకు జరిపి, ఇంకో టీ చెప్పాడు.

2020 సెప్టెంబరు 25న బాలు పోయాడు. కరోనా రోజులు. బల్ల ఖాళీ. నలుగురూ ఫోన్లలోనే ఉన్నారు. ఎవరూ పాటలు పంపుకోలేదట. టీవీల్లో పొద్దస్తమానం అవే మోగుతుంటే విడిగా పంపుకోవడమెందుకు!

మళ్లీ కూర్చోవడం మొదలయ్యాక క్యాసెట్ల ఆయన ఓ సంగతి చెప్పాడు. అంతకుముందెప్పుడూ చెప్పలేదు. తొంభైల్లో రాంబిల్లి వైపు నుంచి ఓ నడివయసు ఆవిడ కొట్టుకొచ్చింది. ఆయన రికార్డు చేసిచ్చిన క్యాసెట్ పట్టుకొచ్చి, ‘‘ఇందులో ఒక పాట లేదు బాబూ’’ అంది. ఆయన తీసేసిందే. ‘అది బాగోదమ్మా’ అని నచ్చజెప్పబోయాడు. ఆవిడ కొత్త క్యాసెట్ కొని ముందు పెట్టి, ఆ ఒక్క పాటే రెండు పక్కలా నిండేదాకా రికార్డు చేసిమ్మంది. అటు ఆరుసార్లు, ఇటు ఆరుసార్లు. కారణం ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. పన్నెండుసార్లు ఆ పాట వింటూ కూర్చున్నాడాయన.

‘‘పన్నెండోసారికి బాగుందనిపించిందా?’’ అన్నాడు కుర్రాడు.

‘‘లేదు. బాగోదు. ఇప్పటికీ నా లెక్కలో అది ఆరో పాటే’’ అన్నాడాయన. ‘‘కానీ ఆ రోజు నుంచి ఎవరికైనా పాట తీసేయాల్సొస్తే ముందు అడిగీవోణ్ని, ఏది వద్దు మీకని.’’

అదే పాట అని ముగ్గురూ గుచ్చిగుచ్చి అడిగారు. చెప్పలేదు. మాస్టారైతే ఏళ్ల లెక్క, సినిమాల లెక్క వేసి మూడు పాటలకు కుదించాడు. ప్రతి ఆదివారం ఒకటి అడుగుతాడు. ఆయన టీ ఊదుకుంటాడు.

2025 మార్చి 8న లండన్‌లో ఇళయరాజా సింఫనీ రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించింది. ఎనభై దాటిన మనిషి! ఆ వారం బల్ల మీద కొత్త తగువు వచ్చింది. సింఫనీని జాబితాలోకి తేవచ్చా, తేకూడదా? పాటే కాదు కాబట్టి తేకూడదంటాడు మాస్టారు. తేవచ్చంటాడు కుర్రాడు, ముందు పూర్తిగా వినాలి గానీ. రైల్వే ఆయన మాత్రం, ‘‘అందులో మాటల్లేవు, బాలూ లేడు. నానేటి సెప్పగల్ను?’’ అని రాజమండ్రి వైపు వెళ్తున్న బండి కూత విని, వాచీ చూసుకుని, ఎనిమిది నిమిషాలు లేటన్నాడు.