కొలిమి దాటాక కోత లేదు

హైదరాబాద్ జీడిమెట్లలోని ఓ గాజు పనుల షెడ్డులోకి వెళ్లగానే కళ్లు అద్దాల మెరుపు మీదికి కాక, వాటిని మోసేవాళ్ల చేతుల మీదికి పోయాయి. 12 ఎం.ఎం. గాజు చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తున్న షోరూమ్ తలుపంటే దాదాపు 58 కిలోలు. సక్షన్ కప్పులు అంటించి ఇద్దరు దాన్ని ఎత్తుతుంటే మూడో మనిషి దారి ఖాళీ చేయిస్తున్నాడు.

కోత, అంచుల పాలిష్, హ్యాండిల్‌కీ తాళానికీ హోళ్లు, అన్నీ అయ్యాకే గాజు కొలిమికి వెళ్తుంది. రోలర్ల మీద నెమ్మదిగా సాగుతూ 620 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. బయటికి రాగానే పైనుంచీ కిందనుంచీ గాలి ఒక్కసారిగా కొడుతుంది. పైపొర ముందు గట్టిపడిపోతుంది. లోపలి భాగం ఆలస్యంగా చల్లారుతూ ఆ పొరను తనవైపు లాగుతుంది. ఆ బిగువు వల్లే ఇలా తయారైన టఫెన్డ్ గాజుకు మామూలు గాజు కంటే నాలుగైదు రెట్ల బలం. పగిలినా కత్తుల్లాంటి పెచ్చులు లేవవు, పటికబెల్లం పలుకుల్లా రాలిపోతుంది.

"ఒక్కసారి ఇండ్లకెళ్లి బయటికొచ్చినంక కొయ్యరాదు, హోల్ పెట్టరాదు సార్. హ్యాండిల్ జర పక్కకు జరపమంటరు. అప్పుడు కొత్త గాజే" అన్నాడు కొలిమి దగ్గరున్న అన్న. గోడవారన నిలబెట్టిన పెద్ద పలకలు కొన్ని అలా మిగిలిపోయినవే. డ్రాయింగులో ఆ మార్పేదో ముందే చేసి ఉంటే అంత గాజు, అంత కరెంటు వృథా అయ్యేవి కావు.

అలంకరణ పని వేరే గదిలో. గోడలకు వాడే లాకర్డ్ గాజుకు వెనకవైపు రంగు వేస్తారు. మామూలు గాజులోని ఇనుము వల్ల తెల్లరంగు లేత ఆకుపచ్చగా కనిపిస్తుంది కాబట్టి, తెలుపు కావాలంటే ఇనుము తక్కువున్న ఎక్స్‌ట్రా క్లియర్ గాజే తీసుకోవాలి. ఆ పక్కనే స్టెన్సిల్ అంటించిన పలక మీద సాండ్ బ్లాస్టింగ్‌తో తామరతీగ తేలుతోంది. ఎంత అందమైన పనో! ఇక్కడ మూసిన క్యాబిన్‌లో అల్యూమినియం ఆక్సైడ్ పొడి వాడుతున్నారు. అదే పని ఇసుకతో, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేస్తే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. ఆ జబ్బును నయం చేసే మందు లేదు. రిసెప్షన్‌లో పూసే పువ్వు కోసం ఎవరి ఊపిరీ పోకూడదు.

చివర్లో లామినేషన్ చూశాను. రెండు గాజుల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర పెట్టి ఆటోక్లేవ్‌లో వేడితో, ఒత్తిడితో అతికిస్తారు. పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉంటాయి. టఫెన్డ్ గాజు బలమైనదే కానీ, లోపల చిక్కుకున్న నికెల్ సల్ఫైడ్ రేణువు వల్ల ఎప్పుడైనా, ఎవరూ తాకకుండానే పగలొచ్చు. అందుకే తలపైన బిగించే గాజు లామినేటెడ్‌ది కావాల్సిందే. ఇందులో ఖర్చు తగ్గించుకోవడం నేరంతో సమానమని నా అభిప్రాయం.

కొత్తగా షాపో, క్లినిక్కో పెడుతున్నవారికి నా మనవి. గాజు బిగించే ముందు దాని మూలన భద్రతా గాజు ప్రమాణమైన ఐఎస్ 2553 ముద్ర ఉందో లేదో చూడండి. పారదర్శకమైన గాజు తలుపుల మీద కంటి ఎత్తున గుర్తులు వేయించండి. బ్లాస్టింగ్‌కు ఏ పొడి వాడుతున్నారో అడిగి తెలుసుకోండి. ఇవన్నీ కొటేషన్‌లోనే రాయించుకోండి.