తూమేడున్నది?

ఊరి నుంచి వచ్చిన మా బాపును, అంటే నాన్నను, మొదటిసారి హొపాట్‌కాంగ్ సరస్సుకు తీసుకెళ్లిన రోజు, ఆయన అందరిలా నీళ్లను చూసి మురిసిపోలేదు. ఒడ్డు వెంబడి కాసేపు నడిచి, వెనక్కి తిరిగి, “తూమేడున్నదిరా?” అని అడిగాడు.

నేను న్యూజెర్సీలోని పార్సిప్పనీకి వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు. ఎయిటీ హైవే ఎక్కి పడమటికి అరగంట పోతే ఈ సరస్సు. ఏటా వేసవిలో రెండుమూడు కుటుంబాలం కలిసి, పులిహోర డబ్బాలూ పెరుగన్నమూ సర్దుకుని వెళ్లేవాళ్లం. పడవ ఎక్కేవాళ్లం, ఫొటోలు దిగేవాళ్లం, చీకటి పడకముందే తిరిగొచ్చేవాళ్లం. తూము సంగతి నాకెప్పుడూ తట్టలేదు. “ఇది చెరువు కాదు బాపూ, కొండల మధ్య సరస్సు” అన్నాను. “కట్ట ఉంటే చెరువే” అన్నాడు.

ఆయన మాటే నిజం. ఇక్కడ ఒకప్పుడు ఒక పెద్ద మడుగు, ఒక చిన్న మడుగు ఉండేవి. ఇక్కడ చేపలు పడుతూ కూర్చున్న జార్జ్ మెకలక్ అనే మోరిస్‌టౌన్ పెద్దమనిషికి 1822లో ఒక ఆలోచన వచ్చిందని చెబుతారు. కొండ మీది ఈ నీటిని రెండు వైపులకీ వదిలితే, పెన్సిల్వేనియా బొగ్గును పడవల మీద సముద్రం దాకా తేవచ్చు కదా అని. 1831 నాటికి ఫిలిప్స్‌బర్గ్ నుంచి న్యూఆర్క్ దాకా మోరిస్ కాలువ పారింది. దానికి నీళ్లివ్వడం కోసమే కట్ట ఎత్తు పెంచారు. మడుగులు రెండూ కలిసి న్యూజెర్సీలోకెల్లా పెద్ద సరస్సు అయ్యాయి. ఎత్తు మరీ ఎక్కువైన చోట్ల పడవలను పట్టాల బండి మీదికెక్కించి కొండ వాలున లాగేవారు. రైళ్లు వచ్చాక కాలువ పని తగ్గింది, 1924లో మూసేశారు. చెరువు మిగిలింది.

మాది నర్సంపేట దగ్గర, పాకాల నీళ్ల కింద సాగయ్యే ఊరు. కాకతీయ గణపతిదేవుని కాలంలో జగదాల ముమ్మడి కట్టించిన చెరువది. ఎనిమిది వందల ఏళ్లుగా పొలాలు తడుపుతూనే ఉంది. ఆ నీళ్లతో పెరిగిన మనిషి కళ్లు కట్టనూ తూమునూ వెతకడంలో వింతేముంది! తొమ్మిదేళ్లు ఇక్కడే ఉండి నేను చూడనిది ఆయన మొదటి రోజే చూశాడు.

అక్కణ్ణుంచి ఎక్కడికి తీసుకెళ్లినా ముందు కట్ట వెతికాం. మా పక్క ఊరి పేరే మౌంటెన్ లేక్స్. ఆ లేక్స్ కూడా మనుషులు కట్టినవే. లేక్ పార్సిప్పనీని 1930లలో న్యూయార్క్ డైలీ మిర్రర్ పత్రికవాళ్లు, చందా కట్టినవాళ్లకు వేసవి ఇళ్ల ప్లాట్లు అమ్మడానికి తయారు చేశారు. బూంటన్ రిజర్వాయరు ముందు బాపు చాలాసేపు నిలబడిపోయాడు. జెర్సీ సిటీకి తాగునీళ్లివ్వడానికి 1904లో కట్టిన ఆ జలాశయం అడుగున పాత బూంటన్ ఊరుందని చెప్పాను. అమెరికాలో ఒక నగరం తాగే నీళ్లలో ఎడతెగకుండా క్లోరిన్ కలపడం 1908లో ఇక్కడే మొదలైందని కూడా చెప్పాను. ఆ రెండోది ఆయన చెవికెక్కలేదు. “ముంపు ఊరా?” అని మాత్రం అడిగాడు. శ్రీశైలం ముంపులో ఇల్లు పోయిన బంధువులున్నారు మాకు.

బతుకమ్మ నాటికి మేపుల్ ఆకులు ఎరుపెక్కుతున్నాయి. రోడ్డు పక్కన గోల్డెన్‌రాడ్ పూలు పచ్చగా విరబూశాయి, దూరం నుంచి చూస్తే అచ్చం తంగేడు. ఆడవాళ్లు బడి హాలులో ఆడి, పిల్లల ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు నింపి బతుకమ్మలను ఓలలాడించారు. బాపు ఏమీ అనలేదు. మర్నాడు నన్ను సరస్సుకు తీసుకెళ్లమన్నాడు. ఒడ్డు అంతకుముందుకంటే బయటపడి ఉంది, రాళ్లు తేలాయి. చలికాలం మంచుగడ్డ ఒత్తిడికి ఒడ్డు గోడలూ పడవల రేవులూ విరగకుండా, ఏటా 26 అంగుళాల నీటిని దిగువన మస్కనెట్‌కాంగ్ నదిలోకి వదులుతారు. అయిదేళ్లకోసారి 60 అంగుళాలు. అప్పుడు ఒడ్డు ఇళ్లవాళ్లు గోడలు బాగుచేసుకుంటారు, చెత్త ఎత్తిపోస్తారు. “నీరటి ఉన్నడన్నమాట” అన్నాడు బాపు, మా దగ్గర తూము తీసి నీళ్లు వదిలేవాణ్ణి తలచుకుని. ఆయన ముఖంలో అంత తృప్తి ఈ దేశంలో అదే మొదటిసారి చూశాను.

జనవరి చివర సరస్సు గడ్డకట్టింది. చలికి భయపడి ఇంట్లో ఉంటాడనుకున్నాను. కోటు తొడుక్కుని ముందే గుమ్మంలో నిలబడ్డాడు. మంచు మీద అప్పటికే మనుషులున్నారు. ఒక ముసలాయన బర్మాతో కన్నం తొలిచి, కర్రతో మందం కొలిచి చూపించాడు: ఏడంగుళాలు. నాలుగంగుళాల గట్టి గడ్డ లేనిదే కాలు పెట్టకూడదని, వాగు కలిసే చోటుకీ వంతెన కిందికీ అసలే పోవద్దని చెప్పాడు. బాపు అడుగు వేసే ముందు వంగి, చేతి తొడుగు తీసి, గడ్డను తాకి కళ్లకద్దుకున్నాడు. మా చెరువులో దిగేముందు ఎప్పుడూ చేసే పనే.

“కింద చేపలు సావవా?” అని అడిగాడు. నీరు నాలుగు డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది, ఆ నీరు అడుక్కు చేరుతుంది, అంతకంటే చల్లబడ్డది తేలికై పైన గడ్డకడుతుంది, ఆ గడ్డే చేపలకు దుప్పటి అన్నాను. అంతలో ముసలాయన గాలపు జెండా లేచింది. తాడు లాగితే పసుపు చారల పెర్చ్. సాయంత్రం దాకా కూర్చున్నాం. ఉన్నట్టుండి గడ్డ అడుగున ఎక్కడో దూరంగా ఉరిమినట్టయింది. చలికి మంచు బిగిసి పగిలేటప్పుడు వచ్చే చప్పుడది. బాపు కదల్లేదు. కాసేపటికి, “మాట్లాడుతున్నది” అన్నాడు. ముసలాయన ఇచ్చిన నాలుగు పెర్చ్‌లతో ఆ రాత్రి మా అపార్ట్‌మెంటులో చింతపండు పులుసు ఉడికింది.

ఈ నీళ్లకు రోగం కూడా వస్తుంది. 2019 వేసవిలో ఆకుపచ్చ నాచు కమ్మి, విషం పుడుతుందని జనాన్ని నీళ్లలో దిగవద్దన్నారు. పచ్చికకు చల్లిన ఎరువులూ ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల ఊటా వానతో కొట్టుకొచ్చి చేరడమే ముఖ్య కారణం. మన చెరువుల్లో గుర్రపుడెక్క ఎందుకు అల్లుకుంటుందో ఇదీ అందుకే.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు సరస్సుల్లో మునిగిపోయారన్న వార్త ఎన్ని వేసవుల్లో విన్నామో. నా చిన్నప్పుడు బాపు నా వీపుకు మునగబెండ్లు కట్టి బావిలోకి తోశాడు. వారం రోజుల్లో ఒక్కొక్క బెండూ తీసేశాడు. నేను నా కూతుర్ని ఈతకు చేర్పించింది ఆయన వచ్చి అడిగాకే. పడవెక్కితే లైఫ్ జాకెట్ తీయనివ్వను, ఎంత ఏడ్చినా సరే.

మార్చి మొదటివారంలో బాపు వెళ్లిపోయాడు. ఆయన వీసా గడువు అయిపోయింది, సరస్సు మీద గడ్డ ఇంకా పూర్తిగా కరగలేదు. ఇప్పుడు ఆదివారాలు నేనొక్కణ్ణే, ఒక్కోసారి కూతురితో, అక్కడికి వెళ్తున్నాను. ఏప్రిల్ వానలో కూడా వెళ్లాను. రేవు పక్కన ఒక రాయి ఉంది. దాని మీద నిండు నీటి చార తెల్లగా కనిపిస్తుంది.

బాపు ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు. ఆరోగ్యం సంగతి తర్వాత, ముందు అదే అడుగుతాడు.

“నీళ్లెక్కినయారా?”

“ఎక్కుతున్నయి బాపూ. చారకింక జానెడు తక్కువ.”