నెత్తురు ఇచ్చినవాళ్లు

మా ఇంట్లో పుస్తకాల బీరువా పై అరలో చాలా ఏళ్లుగా ఒక జ్ఞాపిక ఉండేది. చెక్కపలక, దాని మీద ఇత్తడి రేకు, రేకు మీద నా పేరు, కింద ‘ఉత్తమ పరిశోధనా పత్రం, 1997’ అన్న అక్షరాలు. ఇంగ్లండుకు బయలుదేరినప్పుడు మా అమ్మ పెట్టెలో సర్దిన వాటిలో అదొకటి. ఆలిస్ వెక్స్‌లర్ రాసిన ‘మాపింగ్ ఫేట్’ను ఈ చలికాలం రెండోసారి చదివాక దాన్ని తీసి సొరుగులో పెట్టాను. ఎందుకో చెప్పాలంటే ముందు పుస్తకం సంగతి చెప్పాలి.

ఇది 1995లో వచ్చిన పుస్తకం. ఆలిస్ వృత్తిరీత్యా చరిత్రకారిణి. 1968లో ఒక ఉదయం ఆమె తల్లి లెనోర్ లాస్ ఏంజిల్స్‌లో వీధి దాటుతుంటే, పొద్దున్నే ఇంత తాగావేమని ఒక పోలీసు గద్దించాడు. ఆమె తాగలేదు. తండ్రినీ ముగ్గురు అన్నదమ్ములనూ పట్టుకున్న హంటింగ్టన్ వ్యాధి ఆమె నడకలోకి వచ్చేసింది. ఈ వ్యాధిలో అవయవాలు వాటంతటవే కదులుతుంటాయి. వైద్యులు ఆ కదలికలను కొరియా అంటారు. దేశం పేరు కాదు, గ్రీకులో నాట్యం అని అర్థం. ఆ తర్వాత బుద్ధి, మాట, మింగే శక్తి ఒక్కొక్కటే పోతాయి. వ్యాధి ఉన్న తల్లికో తండ్రికో పుట్టిన ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సరిగ్గా సగం. విధి వైపరీత్యం ఏమంటే, లెనోర్ యువతిగా కొలంబియా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదివి, ఈగలలో వంశపారంపర్యాన్ని పరిశీలించిన మనిషి.

భర్త మిల్టన్ మనోవిశ్లేషకుడు. అప్పటికి వాళ్లు విడిపోయి ఉన్నారు. అయినా ఆయన ఇద్దరు కూతుళ్లనూ కూర్చోబెట్టి విషయం చెప్పాడు. తర్వాత డబ్బు పోగుచేయడం మొదలుపెట్టాడు. గాయకుడు వుడీ గత్రీ 1967లో ఇదే వ్యాధితో పోయాక ఆయన మాజీ భార్య మార్జరీ ఒక సంస్థ స్థాపించింది. మిల్టన్ పని దానికి కాలిఫోర్నియా శాఖగా మొదలై, కొన్నాళ్లకు విడివడి హెరిడిటరీ డిసీజ్ ఫౌండేషన్ అయింది. రోగుల కుటుంబాలకు ఆసరా ముందా, మూలాన్ని వెదికే విజ్ఞానం ముందా అన్న చోట ఇద్దరి దారులూ వేరు. చేతిలో ఉన్నది కొద్ది డబ్బు. మిల్టన్ దాన్ని పేరున్న ఆచార్యుల గుమ్మాల్లో పోయలేదు. కుర్ర శాస్త్రవేత్తలను ఒక గదిలో చేర్చి, స్లైడ్లు పక్కన పెట్టి తోచింది మాట్లాడమన్నాడు. తోచిందల్లా మాట్లాడే స్వేచ్ఛ నా ముప్పై ఏళ్ల ఆస్పత్రి ఉద్యోగంలో ఏ సమావేశంలోనూ నాకు దొరకలేదు.

ఈ కమిటీల అధ్యాయాలను మొదటిసారి చదివినప్పుడు దాటేశాను. ఈసారి అవే నన్ను పట్టుకున్నాయి. చిన్న కూతురు నాన్సీ ఈ వ్యాధి కోసం అమెరికా కాంగ్రెసు నియమించిన కమిషన్‌లో పనిచేసింది. ఆ తర్వాత వెనెజ్వేలాలోని మరకైబో సరస్సు దగ్గరికి వెళ్లింది. అక్కడ నీళ్లలో గుంజలు పాతి ఇళ్లు కట్టుకున్న బెస్త పల్లెల్లో ఈ వ్యాధి ఇంటింటా ఉంది. వాళ్లు దాన్ని ‘ఎల్ మాల్’, అంటే ‘ఆ చెడు’ అంటారు. 1950లలోనే అమెరికో నెగ్రెట్టె అనే స్థానిక వైద్యుడు దాన్ని గుర్తించి రాశాడు. 1972లో అక్కడి మరో వైద్యుడు ఆ రోగుల చలనచిత్రాన్ని ఒహాయోలో చూపించేదాకా అమెరికాలో ఎవరూ పట్టించుకోలేదు.

జన్యువు ఏ క్రోమోజోము మీదుందో పట్టుకోవాలంటే పెద్ద కుటుంబం కావాలి. తాత నుంచి మనవడి దాకా వ్యాధి ఏ దారిన దిగిందో, దానితోపాటు ఏ గుర్తు దిగిందో పోల్చి చూడాలి. ఇద్దరు పిల్లల ఇళ్లలో ఆ పోలిక తేలదు. సరస్సు పల్లెల్లో పన్నెండు మంది, పద్నాలుగు మంది పిల్లలున్న తల్లులున్నారు. ఏటేటా వెళ్లి గీసిన ఆ వంశవృక్షంలో చివరికి పది తరాలు, పద్దెనిమిది వేలమందికి పైగా చేరారు. మొదట వాళ్లు నెత్తురు ఇవ్వడానికి జంకారు. అప్పుడు బృందంలోని ఒక నర్సు నాన్సీ చేయి పట్టుకుని, ఆమె ఇచ్చిన చర్మపు ముక్క తాలూకు మచ్చను గుంపు మొత్తానికీ చూపించిందట. ఈమె తల్లికీ ఇదే జబ్బు, ఈమె కూడా ఇచ్చింది అని.

1983లో ఆ నెత్తురు సాయంతో జేమ్స్ గుసెల్లా నాలుగో క్రోమోజోము మీద గుర్తు పట్టాడు. అసలు జన్యువు దొరకడానికి మరో పదేళ్లు పట్టింది. 1993లో వచ్చిన ఆ పత్రం మీద వ్యక్తుల పేర్లకు బదులు ఉమ్మడిగా బృందం పేరే పెట్టుకున్నారు. ఆరు ప్రయోగశాలలు, 58 మంది. అదే ఏడాది నాన్సీకి ప్రజాసేవకు ఇచ్చే లాస్కర్ పురస్కారం వచ్చింది. ఆ పురస్కారం వెనుక ఉన్న ఆల్బర్ట్ లాస్కర్ ప్రకటనల వ్యాపారంలో, ముఖ్యంగా సిగరెట్ల ప్రకటనలతో గడించిన మనిషి. డబ్బు ఏ దారిన వచ్చి ఏ దారిన పోతుందో చూస్తే మన పుష్కర స్నానాలు గుర్తొచ్చాయి.

ఇక నా పత్రం సంగతి.

ఎం.డి. చదివే రోజుల్లో మా వార్డుకు ఒక నేతపనివాడిని తీసుకొచ్చారు. వయసు ముప్పై ఎనిమిది. చేతిలోంచి నాడె జారిపోతోందని యజమాని పని మాన్పించాడు. నడక చూసి ఊళ్లోవాళ్లు తాగుబోతన్నారు. “చుక్క ముట్టడు బాబూ, మా అత్తగారూ ఇట్లానే పోయింది” అంది భార్య. మేం కొరియాను చూసి సంబరపడ్డాం. అవును, అదే సరైన మాట. జన్యువు దొరికి నాలుగేళ్లే, మన జిల్లాలో పరీక్షతో నిర్ధారణైన కేసు లేదు. అతని నెత్తురూ, అతని చెల్లెలి నెత్తురూ తీసి వేరే రాష్ట్రంలోని ప్రయోగశాలకు పంపాను. సూది గుచ్చుతుంటే ఆ భార్య అడిగింది: “పిల్లలకి రాదు గదా బాబూ?”

“రిపోర్టు రానీ అమ్మా, కబురు చేస్తాను” అన్నాను.

రిపోర్టు నాలుగు నెలలకు వచ్చింది. జన్యువులో సి.ఎ.జి. అనే మూడక్షరాల మాట నలభైసార్లో ఆపైనో వస్తే వ్యాధి తప్పదు. అతనికి నలభై ఆరు. చెల్లెలికీ నలభై దాటింది. ఆమెకప్పటికి లక్షణాల్లేవు. ఆ సంఖ్యలతో స్లైడ్లు చేసుకుని సమావేశంలో చదివాను, చప్పట్లు కొట్టారు, చెక్కపలకా అయిదువందల రూపాయలూ ఇచ్చారు. కబురు మాత్రం చేయలేదు. ఏం చెప్పాలో తెలియలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ప్లాబ్ పరీక్ష దగ్గరపడింది, ఆ ఊరికి రెండు బస్సులు మారాలి.

నాన్సీ తన సంగతిని ఏళ్లతరబడి లోకానికి చెప్పలేదు. తనకూ వ్యాధి ఉందని 2020లో వెల్లడించింది. అది తెలిశాక ఈ పుస్తకంలో అక్కాచెల్లెళ్లిద్దరూ పరీక్ష చేయించుకోవాలా వద్దా అని తర్జనభర్జన పడే పేజీలు ముందులా చదవలేం. తెలుసుకోకుండా ఉండే హక్కు వాళ్లు ఆలోచించి ఎంచుకున్నది. ఆ నేతపనివాడి చెల్లెలికి అడగకుండానే అది దక్కేలా చేసింది నా బద్ధకం. ఈ రెండూ ఒకటి కావని ఆలిస్ పుస్తకం మూసినప్పుడు తెలిసింది.

పోయినేడు ఇంటికి వెళ్లినప్పుడు ఆ పేటకు వెళ్లాను. మగ్గాలు లేవు, చోటంతా అపార్ట్‌మెంట్లు. ఆస్పత్రిలో పాత రికార్డులు చెదలు తిన్నాయట. నా పత్రం నకలు నా దగ్గరే ఉంది. అందులో అతనెవరో తెలియకుండా, నియమం ప్రకారం, రెండు పొడి అక్షరాలూ వయసూ మాత్రం రాశాను. కొడుక్కి అప్పుడు పన్నెండేళ్లు, కూతురికి తొమ్మిది. వాళ్ల గురించి నా పత్రంలో ఉన్నది ఒకే వాక్యం: ‘సంతానం ఇద్దరు, పరీక్షించలేదు.’