మైలవరం కొండల్లో ఎంత వాన?

మైలవరం రైతును వాన ఎంత పడిందని అడిగితే మిల్లీమీటర్లు చెప్పడు. వంగి, వేలితో మట్టి గీరి, 'దుక్కికి పదునైంది' అంటాడు. మామిడి తోటకీ పత్తి చేనుకీ ఆ లెక్క చాలు. కానీ ఈ కొండల్లో కురిసిన నీరు ఇక్కడే ఆగదు. బుడమేరులో కలిసి విజయవాడ మీదుగా కొల్లేటికి పరుగెడుతుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానకు ఆ ఏరే గట్లు తెంచుకుని సింగ్ నగర్ ఇళ్లను ముంచింది. పైన ఎంత కురిసిందన్నది కిందివాళ్లకు ప్రాణాల మీది లెక్క!

వానను కొలవడం మనకు కొత్తేం కాదు. ధాన్యపు కొట్టు ముందు మూరెడు మూతి ఉన్న పాత్ర పెట్టమంది కౌటిల్యుడి అర్థశాస్త్రం. కొలత ద్రోణాల్లో. గోదావరి తీరపు అశ్మక దేశానికి 13½ ద్రోణాలని లెక్క కూడా చెప్పింది. అయితే ఆ ద్రోణం ఎన్ని మిల్లీమీటర్లన్న దానిపై పండితులది తలో మాట. ఇక ఆనాటి వానతో ఈనాటి వానను పోల్చేదెలా? ఇంగ్లీషువాళ్ల కాలంలో అంగుళాలు, సెంట్లు వచ్చాయి. మద్రాసులో 1813 నుంచీ వాన లెక్కలున్నాయి.

ఇప్పటి మామూలు వానమాపకం సాదాసీదాగా ఉంటుంది. జానెడైనా లేని గరాటు, కింద సీసా. ఉదయం ఎనిమిదిన్నరకు ఆ నీటిని కొలజాడీలో పోసి చూస్తారు. అంతే! రోజు మొత్తం తెలుస్తుంది గానీ ఏ గంటలో ఎంత పడిందో తెలియదు. వరదకు కావలసింది ఆ గంటల లెక్కే. అది చెప్పేది ఆటోమేటిక్ యంత్రం. లోపల రెండు చిన్న దొప్పలు తక్కెడలా ఊగుతుంటాయి. ఒకటి నిండగానే ఒరిగి నీళ్లు ఒలకబోస్తుంది, లెక్కలో ఒకటి పెరుగుతుంది. తమాషా ఏమిటంటే, కుంభవృష్టిలో తడబడేది ఈ కొత్త యంత్రమే. దొప్ప ఒరిగేలోపు పడ్డ నీరు లెక్కలోకి రాదు. ఆ తప్పు పట్టాలంటే పక్కన పాత సీసా ఉండాల్సిందే.

మంచు కురిసే దేశాల తంటా ఇంకా పెద్దది. గాలికి మంచు గరాటులో పడకుండా ఎగిరిపోతుంది. అందుకే స్కేలుతోనూ కొలుస్తారు, కరిగించీ కొలుస్తారు. మన దగ్గరా ఈదురుగాలికి కొన్ని చినుకులు తప్పిపోతాయి. చెట్టు కిందో గోడ పక్కనో పెడితే లెక్క గల్లంతే.

ఎంత మంచి పరికరమైనా తన మూతిలో పడ్డ వాననే చెబుతుంది. ఊళ్లో గరాటు సరిగా తడవని రోజునా కొండల వెనక వాగు పొంగొచ్చు. బుడమేరు ఎంత నీరు మోసుకొస్తోందో వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ముందే తెలియాలంటే ఊళ్లో ఒక్క గరాటు చాలదు. వాగులు పుట్టే చోటా ఒకటి ఉండాలి.