పథ్యం లేని మందు

మా వైపు ఏ మందు ఇచ్చినా మొదట అడిగేది దాని పేరు కాదు, ధర కూడా కాదు. "పథ్యం ఏముంది?" అని. పథ్యం చెప్పని డాక్టరు మీద ఎవరికీ గురి కుదరదు. వంకాయ, గోంగూర, చింతపండు, కోడిగుడ్డు, వీటిలో కనీసం రెండైనా మానమంటేనే ఆయన జబ్బుని సీరియస్‌గా తీసుకున్నట్టు. 2023 అక్టోబరులో మా అమ్మకి హెపటైటిస్ సీ ఉందని తేలింది. మందు చేతికి రావడానికి మూడు నెలలు పట్టింది. పథ్యం మాత్రం ఆ సాయంత్రమే మొదలైంది.

తేలడం కూడా కంటి ఆపరేషన్ పుణ్యమే. శుక్లం తీసే ముందు చేసే రక్తపరీక్షల్లో ఈ పేరు బయటపడింది. అప్పటిదాకా ఆమెకి నొప్పి లేదు, కామెర్లు లేవు. పొలం పనుల్లో నాకంటే గట్టి. ఈ వైరస్ పద్ధతే అది. లివర్‌లో కూచుని ఏళ్ళ తరబడి చడీచప్పుడు లేకుండా పనిచేసుకుపోతుంది. జబ్బు దీర్ఘకాలం నిలిచిపోయినవాళ్ళలో నూటికి 15 నుంచి 30 మందికి ఇరవై ఏళ్ళలో సిరోసిస్ వచ్చే ముప్పు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది.

"ఎప్పుడైనా రక్తం ఎక్కించారా?" అని అడిగారు డాక్టరు.

ఎక్కించారు. 1994లో, నేను పుట్టాక రక్తస్రావం ఆగకపోతే, రెండు సీసాలు. ఆ రక్తం ఎవరిదో ఆమెకి తెలీదు. హెపటైటిస్ సీ వైరస్‌ని కనిపెట్టిందే 1989లో. ఆ పనికి హార్వే ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్‌లకి 2020లో నోబెల్ ఇచ్చారు. మన బ్లడ్ బ్యాంకుల్లో ప్రతి సీసాకీ ఈ పరీక్ష తప్పనిసరి అయింది మాత్రం ఈ శతాబ్దం మొదట్లోనే. ఆ రెండు సీసాల వల్లే వచ్చిందని ఎవరూ రుజువు చెయ్యలేరు. మరిగించీ మరిగించని గాజు సిరంజీల కాలం కూడా అదే. కానీ ఆమె బతకడానికి ఎక్కించిన రక్తంలోనే ఇది ఉండుంటే, దానికీ నాకూ ఒకటే వయసు. నాకూ, నా తర్వాత పుట్టిన తమ్ముడికీ పరీక్ష చేయించాం. ఇద్దరికీ లేదు.

కళ్యాణదుర్గం దగ్గర మా ఊరు. నేను బెంగుళూరు ఆఫీసులో ఇంటి నుంచి పని చేస్తానని చెప్పి లాప్‌టాప్‌తో వచ్చేశాను. వచ్చేసరికి ఇంట్లో రెండు మార్పులు జరిగిపోయున్నాయి. గూట్లో అమ్మకి ఒక స్టీలు తట్ట, ఒక గ్లాసు విడిగా ఉన్నాయి. చిన్నమ్మ తయారుచేసిన పథ్యం జాబితా ఒకటి, రాయకుండానే, వీధి వీధంతా తెలిసిపోయి ఉంది. నూనె లేదు. కారం లేదు. గుడ్డు, కోడికూర వేడి. కందిబేడలు అరగవు. సంగటి బరువు. మిగిలింది చప్పటి గంజి, మజ్జిగ, మధ్యాహ్నం కాస్త మెత్తటన్నం. పొద్దున్నే పరగడుపున నేల ఉసిరి పసరు, దాని మీద తిప్పతీగ కషాయం.

"ఊర్లో ఒకొక్కరు ఒకొకటి చెప్తాండారు పాపా. ఎవరి మాట కాదనేది?" అంది అమ్మ.

నెలకి ఆమె బరువు మూడు కిలోలు తగ్గింది. అందరూ అది జబ్బు వల్లే అనుకున్నారు.

అనంతపురంలో మేము చూపించుకున్న లివర్ డాక్టరు ఆ పథ్యమంతా ఓపిగ్గా విన్నారు. తర్వాత ఆమె చెప్పింది అమ్మకి ఏమాత్రం నచ్చలేదు. ఈ వైరస్‌కి విడిగా పథ్యం లేదు. ఇంట్లో తినేదంతా తినొచ్చు. పప్పు, గుడ్డు, అలసంద గుగ్గిళ్ళు, పెరుగు మానకూడదు. కండ కరిగిపోతే లివర్‌కే నష్టం. కాఫీ తాగొచ్చు, అది లివర్‌కి మేలేనని చాలా అధ్యయనాలున్నాయి. సారా, బీరు చుక్క కూడా వద్దు. మోకాళ్ళ నొప్పి బిళ్ళలు సొంతంగా మింగొద్దు. హెపటైటిస్ బీ టీకా వేయించుకోవాలి. షుగరు, బరువు చూసుకోవాలి. పసరు, కషాయం ఆ రోజే ఆపెయ్యాలి. కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్నవాళ్ళ కేసుల్ని ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారని నాకు అప్పుడే తెలిసింది.

"ఆ తట్టా గ్లాసూ ఎందుకు?" అని కూడా అడిగారామె. ఇది రక్తం నుంచి రక్తానికి పోయేది. అన్నం పంచుకుంటే, ఒకే గ్లాసులో తాగితే, పక్కన పడుకుంటే రాదు. బ్లేడు, పళ్ళ బ్రష్షు, గోళ్ళు తీసేది మాత్రం ఎవరివి వాళ్ళకుండాలి. ఇంటికొచ్చాక ఆ తట్టలో నేను తినడం మొదలుపెట్టాను. చిన్నమ్మ రెండు రోజులు చూసి, మూడో రోజు దాన్ని తక్కిన గిన్నెల్లో కలిపేసింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

అంతా అయిపోయిందనుకున్నాక, లేవబోతుంటే డాక్టరు అడిగిన చివరి ప్రశ్న: "మీకు చెనిక్కాయలు సొంతంగా పండుతాయా?"

అనంతపురంలో అడగాల్సిన ప్రశ్నేనా అది! జైసల్మేర్ తర్వాత అంత తక్కువ వాన పడే జిల్లాగా పేరుపడిన ఈ మెట్ట మీద, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో, మా తాతల కాలం నుంచీ నమ్ముకున్నది ఆ పంటనే. పొద్దున ఉగ్గాణిలోకి, సంగటిలోకి, ఊరిబిండిలోకి, పండక్కి ఉండల్లోకి, అన్నిటికీ చెనిక్కాయే. మా ఇంట్లో మాంసకృత్తులన్నా అదే, చిరుతిండన్నా అదే.

అమ్మ తలూపింది.

"ఇంటికి ఏవి ఉంచుకుంటారు?"

దీనికి జవాబు మా అందరికీ తెలుసు. గట్టి గింజలు మార్కెట్టుకి. కొన్ని విత్తనానికి. చేటలో మిగిలిన తాలు, ముడతలు పడ్డవి, పగిలినవి, రంగు మారినవి ఇంటికి. రైతు ఇంట్లో అది లోభితనం కాదు, లెక్క. మంచి గింజ తింటే డబ్బు తిన్నట్టు.

ఆ మిగిలిన గింజల్లోనే ఉంది అసలు సంగతి. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు చేసే విషం పేరు అఫ్లాటాక్సిన్, ఆ బూజు పేరు ముక్కల్లోంచే పుట్టిన మాట. 1960లో ఇంగ్లండులో లక్షకి పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, వాటి దాణాలో కలిపిన వేరుశనగ చెక్క దగ్గర ఆరా ఆగింది. ఇది లివర్‌కి క్యాన్సర్ తెచ్చే విషం అని తర్వాత రుజువైంది. హెపటైటిస్ బీ కూడా ఉన్నవాళ్ళలో రెండూ కలిసి ముప్పుని ఎన్నో రెట్లు పెంచుతాయి. ఏ వైరస్ వల్లయినా ముందే దెబ్బతిన్న లివర్ మీద మరో విషం పడటం మంచిది కాదన్నది డాక్టరు మాట.

బూజు అంటే తడికి వస్తుందనుకుంటాం. చేనులో మాత్రం ఇది కరువు పురుగు. కాయ గింజ పట్టి ముదిరే చివరి మూడు నాలుగు వారాల్లో వాన లేక నేల వేడెక్కితే, గింజకి సహజంగా ఉండే రక్షణ తగ్గిపోతుంది. మట్టిలో ఎప్పుడూ ఉండే బూజు లోపలికి దూరుతుంది. అందుకే ఇక్రిశాట్ వాళ్ళు ఈ విషం గురించి మా జిల్లా చేలల్లో ఏళ్ళ తరబడి పనిచేశారు. 2023 ఆగస్టు, మన దేశంలో 1901 నుంచి లెక్కలున్నంతలో అతి తక్కువ వాన పడిన ఆగస్టు. ఆ ఏడు మా చేటలో తాలు ఎంత మిగిలిందో చెప్పక్కర్లేదు.

యూరప్‌లో తినడానికి అమ్మే గింజల్లో అఫ్లాటాక్సిన్ కిలోకి 4 మైక్రోగ్రాములు దాటకూడదు. మన దేశంలో 10. మా వంటింటి డబ్బాని ఎవరూ పరీక్షించరు. వేయిస్తే కొంత తగ్గుతుంది గానీ పోదు. గింజగా నోట్లో వేసుకుంటే చేదు తగిలి ఉమ్మేస్తాం. ఎండుమిరపకాయ, తెల్లగడ్డ వేసి నూరాక ఆ చేదు ఎవరికి తెలుస్తుంది? గుడ్డు మానిపించి, పప్పు మానిపించి, అరగాలని గంజిలోకి చిన్నమ్మ రోజూ వేసిన నంజు అదే, తాలు గింజల ఊరిబిండి.

ఇంటికొచ్చి ఇద్దరం కూచుని డబ్బా మొత్తం చేటలో పోసి ఏరాం. ముడత, మచ్చ, పగులు, ఏది ఉన్నా పక్కకి. సగానికి సగం పోయింది. పారేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు.

"బర్రెకి పెడతాలే."

చెక్క తిన్న పశువు పాలల్లోకి కూడా ఆ విషం దిగుతుందని చెప్పాను.

"కోళ్ళకి?"

టర్కీ కోళ్ళ కథ చెప్పాను. ఆమె చాలాసేపు ఆ కుప్ప వైపు చూసింది. వాన లేని ఏడు, కూలి ఇచ్చి పీకించిన కాయలు. చివరికి మర్నాడు నీళ్ళపొయ్యిలో వేసింది. నూనె గింజలు కదా, బాగానే మండాయి.

మిగిలిన రోజులన్నీ ఎదురుచూడ్డమే. మొదటి పరీక్ష చూపించేది యాంటీబాడీల్ని, అంటే వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని మాత్రమే. సోకినవాళ్ళలో నూటికి ముప్పై మందికి అది మందు లేకుండానే పోతుంది. ఉందో లేదో తేల్చేది వైరల్ లోడ్. ఆ శాంపిల్ వేరే ఊరు వెళ్ళి రావడానికి వారాలు పట్టింది. ఉందని తేలాక లివర్ ఎంత గట్టిపడిందో చూడాలి. వయసు, రెండు ఎంజైములు, ప్లేట్‌లెట్లు, ఈ నాలుగు అంకెలతో వేసే లెక్క ఒకటుంది. నేను ఫోనులో పదిసార్లు వేశాను. సిరోసిస్ లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

ఈ మందు కథ కూడా విచిత్రమే. సోఫోస్‌బువిర్‌కి 2013 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు బిళ్ళ వెయ్యి డాలర్లు. 84 రోజులకి 84 వేల డాలర్లు. మరుసటేడు గిలియడ్ కంపెనీ లైసెన్సులిచ్చిన భారతీయ కంపెనీల్లో హైదరాబాదు హెటెరో ఉంది. 2015లో హైదరాబాదుదే నాట్కో కూడా చేరింది. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఇప్పుడు ఈ బిళ్ళలు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. సోఫోస్‌బువిర్ 400, డక్లాటాస్‌విర్ 60, రోజుకొకటి చొప్పున, పన్నెండు వారాలు. నూటికి 95 మందికి పైగా నయమైపోతుంది. నయమవడమంటే అదుపులో ఉండటం కాదు, వైరస్ పూర్తిగా పోవడం.

జనవరిలో మొదటి నెల డబ్బాలు అమ్మ చేతికి వచ్చాయి. ఆమె వాటిని పైటకొంగులో పట్టుకుని, మందులిచ్చే అమ్మాయిని అడిగింది:

"పథ్యం ఏముంది మా?"

"ఏం లేదమ్మా. అన్నీ తిను. ఒక్కరోజు గూడా మర్చిపోకుండా ఏసుకో. వేరే మందులు ఏమన్నా వాడితే చెప్పు."

బస్సులో ఆమె చాలా సేపు మాట్లాడలేదు. ఇంత పెద్ద జబ్బుకి పథ్యం లేని మందు ఎట్లా పనిచేస్తుందన్నది ఆమె అనుమానం. పని చేసింది. బిళ్ళలు అయిపోయిన మరో పన్నెండు వారాలకి చేసిన పరీక్షలో వైరస్ కనపడలేదు.

తర్వాతి పంటకి నేను ఊర్లో లేను. ఫోను చేస్తే, కాయలు వలిపించామని, ఈసారి అమ్మకానికి పోకముందే గట్టి గింజలు పది కిలోలు తీసి ఇంటికి పెట్టుకున్నానని చెప్పింది. అవి అమ్మి ఉంటే ఎంత వచ్చేదో కూడా, రూపాయలతో సహా, చెప్పింది.